రెండోసారి అడిగిన ఖాలా

ఖాలా లేదు. పోయిన గురువారం ఆసుపత్రిలో కన్నుమూసింది. మర్నాడు దుబాయ్‌లోనే అల్ కుసైస్ ఖబరస్తాన్‌లో మట్టి వేసి వచ్చాం. ఇక్కడి నైఫ్ పేటలో ఆమె చేతి అన్నం తిని, పిన్నీ అన్నట్టు ఖాలా అని పిలిచి, ఊళ్ళకు వెళ్ళిపోయినవాళ్ళు చాలామంది ఉన్నారు కాబట్టి ఈ నాలుగు మాటలు. ఆమె శాంతమూర్తి అని ఎవరైనా అంటే నమ్మకండి. ఖాలాకు శాంతం బొత్తిగా లేదు. లేదు కాబట్టే ఒక తల్లీ ఆమె పిల్లలూ ఈ రోజు బతికి ఉన్నారు.

కడప నుంచి ఒక అరబ్బు ఇంటికి వంటమనిషిగా వచ్చి, వీసాకు పూచీపడ్డ ఆ కఫీల్ పెద్దాయన ఒప్పుకుంటేనే నైఫ్‌లో రెండు గదులు తీసుకుని మెస్ నడిపింది. నేను పక్క సందులో టైపింగ్ సెంటర్లో అర్జీలు కొట్టేవాణ్ణి. తిండి ఆమె దగ్గరే. శుక్రవారం ఉగ్గాని, బజ్జీ. మారు అడగడానికి మొహమాటపడేవాళ్ళంటే ఆమెకు ఒళ్ళు మంట. "అడగందే అమ్మైనా పెట్టదంటారు. అమ్మే పెట్టనప్పుడు ఆఫీసోడు పెడతాడా? అడగండి రా. లేదంటే మళ్ళా అడగండి" అనేది. ఒకసారి విరిగిన పాలు వెనక్కి తీసుకోనన్న కొట్టువాడి ఎదుట స్టూలు వేసుకుని కూర్చుంది. వచ్చిపోయే వాళ్ళందరికీ ఆ పాలు గ్లాసులో పోసి చూపించింది. చివరికి వాడు కొత్త ప్యాకెట్ ఇచ్చి దండం పెట్టాడు.

ఆమె లోపలి గదిలో ఒక సోమాలియా ఆవిడ ముగ్గురు పిల్లలతో ఉండేది. ఊళ్ళో తుపాకులవాళ్ళు ఇంటి మీద పడితే పారిపోయి వచ్చింది. వీసా ఎప్పుడో ముగిసింది. ఇక్కడ శరణు అడగడానికి కోర్టు లేదు. అబుదాబిలో శరణార్థుల అర్జీలు చూసే ఆఫీసు ఒకటి ఉంది. అది అవునంటే వేరే దేశానికి పంపుతారు. కాదంటే పోలీసుల కంటబడ్డ రోజున తిరిగి అదే ఊరికి. ఆమెకు కాదనే వచ్చింది.

ఆ కాగితం చదివి చెప్పింది నేనే. మొదటి విచారణలో పిల్లలు ముగ్గురని చెప్పింది, రెండోదానిలో నలుగురంది. మాటలకు పొంతన లేదు కనుక దాడి జరిగిందన్నదీ నమ్మలేం. సారాంశం ఇదే. అప్పీలు చేసుకుంటే వేరే అధికారి చూస్తాడు, దానికి గడువు దగ్గర పడింది.

ఆవిడ గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది. నాలుగోవాడు ఆ దాడిలోనే పోయాడు. మొదటిసారి దుబాసీగా కూర్చున్నది ముక్కూ మొహం తెలియని మగవాడు. అతని ముందు పోయిన బిడ్డ ఊసెత్తడానికి ఆమెకు నోరు రాలేదు. రెండోసారి దాడి సంగతే అడిగారు. ఇక వాణ్ణి వదిలిపెట్టి ఎలా చెబుతుంది?

మా సెంటర్లో ఏ అర్జీ అయినా 'పొరపాటును మన్నించి' అనే మొదలయ్యేది. నేనూ అలాగే మొదలుపెట్టాను. ఖాలా వెనక నిలబడి చదవమంది. చదివాను.

"కొట్టెయ్. పొరపాటు యాడుంది? మన్నించమనేదేంది?"

"అట్లా రాస్తేనే దయ చూపిస్తారు ఖాలా."

"దయ ఎవరికి కావాల? ఆయమ్మ రెండుసార్లూ నిజమే చెప్పింది. నన్ను అడుగు. ఎంతమంది పిల్లలని అడుగు."

"ఇద్దరు కదా. కడపలో మీ కొడుకులు."

"ఇద్దరు. అందరికీ అదే చెప్తా. వాళ్ళ కంటే ముందు ఒక బిడ్డ ఉన్నింది. జరమొచ్చి పోయింది. అడిగినోళ్ళకంతా దాని సంగతి చెప్పేదానికి నాకు నోరు రాదు. అంతమాత్రాన నేను అబద్ధాలకోరునా? చెప్పు బేటా, అబద్ధాలకోరునా?"

ఇన్నేళ్ళు ఆమె వడ్డిస్తే తిన్న నాకు ఆ సంగతి తెలియదు. కొట్టడం ఆపి కళ్ళు తుడుచుకున్నాను.

"ఏడ్చేది తర్వాత. రాయి. ఎంతమందిని కన్నావని అడగండి, ఎంతమంది బతికుండారని అడగండి. రెండూ అడగకుండా ఒక జవాబు పట్టుకుని అబద్ధమనొద్దు. అట్లనే రాయి."

అట్లాగే కొట్టాను. కింద సాక్షిగా తన పేరు కూడా పెట్టమంది. వీసా లేనివాళ్ళకు చోటిచ్చానని తన చేత్తో తానే ఒప్పుకున్నట్టవుతుంది, దేశం నుంచి పంపించేస్తారు అన్నాను. "తెలుసులే, యల్లా, కానీ" అంది.

మళ్ళీ విచారణకు పిలిచిన రోజు ఖాలా తోడు వెళ్ళింది. లోపలికి రానివ్వలేదు. గేటుకు ఎదురుగా ఎండలోనే కూర్చుంది. కాపలావాడు నీడకు పొమ్మంటే కదల్లేదట. "ఆయమ్మ బయటికి రాంగానే నేను కనపడాల" అందట. అప్పీలు నెగ్గింది. ఖాలా జోలికి ఎవరూ రాలేదు. ఆ తల్లీ పిల్లలూ ఇప్పుడు మంచు కురిసే దేశంలో ఉన్నారు. నిన్న ఆవిడకు ఫోన్ చేసి కబురు చెప్పాను.

ఖాలాను ఆసుపత్రిలో చేర్చినప్పుడు నేనే వెంట ఉన్నాను. వివరాలు రాసుకునే మలయాళీ అమ్మాయి మంచం దగ్గరికి వచ్చింది.

"బచ్చే కిత్నే, అమ్మా?"

ఖాలాకు ఊపిరి అందడం లేదు. పిల్లలు ఇద్దరని నేను చెప్పబోతుంటే నా చెయ్యి పట్టి లాగింది.

"తీన్."

అమ్మాయి పాత ఫైలు తిప్పి, ఇందులో ఇద్దరనే ఉంది కదా అంది. ఖాలా మొహం మీది ఆక్సిజన్ మాస్కు పక్కకు లాగేసింది.

"తీన్. లిఖో."

ఆ అమ్మాయి ఇద్దరిని కొట్టేసి ముగ్గురని రాసేదాకా మాస్కు మళ్ళీ పెట్టుకోలేదు.