లైట్ల జాకెట్టు

అమ్మ పోయాక ఉప్పల్ ఇల్లు ఖాళీ చేసి నాచారంలో ఒంటిగదికి మారిన స్వర్ణలతకు పనికి కరువు లేదు. ఏఎస్ రావు నగర్ షాపులవాళ్లు జాకెట్లు పంపిస్తారు. చెక్క ఫ్రేముకు బట్టను డప్పులా బిగించి, పొద్దస్తమానం మగ్గం వర్క్ చేస్తుంది. ఎందరో పెళ్లికూతుళ్ల వీపుల మీది నెమళ్లు ఆమె చేతివే. ఆమెను మాత్రం పలకరించే దిక్కు లేదు. తిన్నావా అని అడిగే మనిషి లేకపోతే కూర ఎంత బాగా కుదిరినా ఏం లాభం? కుక్కర్ విజిల్‌తో మాట్లాడలేం కదా.

పోయిన బతుకమ్మకు గల్లీ ఆడవాళ్లు ఆడుతుంటే గోడవార నిలబడి చూసి వచ్చేసింది. ఈసారి ఒక్కరైనా ‘రా అక్కా’ అని పిలవాలి, అంతే. పిలవాలంటే ముందు వాళ్ల కంట్లో పడాలి. అందుకే ఫోన్లో వీడియోలు చూసి, కరెంటు పారే స్టీలు దారం తెప్పించుకుంది. తన జాకెట్టు వీపున తంగేడు కొమ్మ కుట్టి, పువ్వు పువ్వుకూ కందిగింజంత లైటు పెట్టింది. ప్లస్సు దారం ఒక వరస, మైనస్సు దారం ఇంకో వరస. రెండూ ఒకదానికొకటి తగలకూడదు, తగిలితే లైట్లు ఆరిపోతాయి. ఫ్రేము మీదే గుండీ అంత బ్యాటరీ సెల్లు పెట్టి చూస్తే కొమ్మంతా వెలిగింది. ఎవరికి చూపించాలో తోచక తనే మురిసిపోయింది. ఇల్లలకగానే పండగ కాదు మరి.

సద్దుల బతుకమ్మ సాయంత్రం ఆమె ఆ జాకెట్టు వెలిగించుకుని గల్లీలోకి రాగానే ఆడవాళ్లు వెనక మూగారు.

“ఏడ కొన్నవక్కా?” ఎదురింటి సంతోషి ఫోన్లోంచి తలెత్తకుండానే అడిగింది.

“నేనే కుట్టుకున్న.”

“మస్తుంది. రా అక్కా, ఆడుదాం.”

ఆ మాటకు స్వర్ణలత చెప్పులు గోడవార విడిచి పరుగున వెళ్లింది. వరసలో కలిసి, అందరితోపాటు వంగి చప్పట్లు కొట్టింది. లైట్లు ఆరిపోయాయి. లేచి నిలబడితే వెలిగాయి. వంగితే మళ్లీ ఆరాయి. బిగించిన బట్ట మీదే బతికే మనిషి, ఒంటి మీది బట్ట ముడత పడుతుందన్న సంగతే మరిచింది. ముడతలో రెండు దారాలూ కలిసిపోతున్నాయి.

“నువ్వు వంగకక్కా. జర గా పక్కకు నిలవడు, వీడియో తీస్తం,” అంది సంతోషి.

నిలబడింది. వంతులవారీగా ఆమె వీపును ఫోన్లలో తీసుకున్నారు. తీసుకుని మళ్లీ ఆటలోకి పోయారు. ఊరేగింపులో లైట్లు మోసే మనిషిలా స్వర్ణలత ఒక్కతే మిగిలింది. ఒళ్లు మండింది. నడుం దగ్గర దాచిన సెల్లు పీకేసి, కొంగు వీపు నిండా కప్పుకుని, ఎవరూ పిలవకుండానే ఖాళీ ఉన్న చోట వరసలో దూరింది.

కాసేపటికి, పక్కనే చప్పట్లు కొడుతున్న సంతోషి అటూ ఇటూ చూసింది.

“ఆ లైట్ల జాకెట్ అక్క ఏడవోయింది? ఇంకో ఫోటో దిగుదామనుకున్న.”

“ఇంటికి పోయినట్టుంది,” అంది స్వర్ణలత, అందరితోపాటు వంగుతూ.