మెడ మాస్టారు

పిల్లలు ఆయనను చాటుగా మెడ మాస్టారు అంటారు. కుంగ్‌ఫూలో గాలిని కొడుతూ ఒంటరిగా వేసే వరుసలో, ఇరవై మూడో అడుగు దగ్గర ఎడమ భుజం మీదుగా వెనక్కి చూసి తీరాలని ఆయన పట్టు. మరిచినవాళ్ల చెవి ఆయన వేళ్ల మధ్య నలిగిపోతుంది. "వెనక శత్రువున్నాడ్రా, వెధవా!" మోకాళ్లు అరిగి, మెట్లెక్కాలంటే గోడ పట్టుకునే మనిషి, అక్కడ మాత్రం డేగలా మెడ తిప్పుతాడు. మాస్టారు నేర్చుకున్న గురువు దగ్గరే ఆయన తర్వాత చేరిన శిష్యుడొకడు, తన దగ్గరి పిల్లలకు ఆ చూపు నేర్పడు. విద్యను మంటగలిపాడని మాస్టారికి అతనితో ముప్పై ఏళ్లుగా మాటల్లేవు.

మొన్న అతను మంచాన పడ్డాడని తెలిసి, మాస్టారు పరామర్శ వంకతో తేల్చుకోవడానికే వెళ్లాడు. "గురువుగారు నీకా చూపెందుకు నేర్పలేదు?"

"నేను చేరేసరికి గురువుగారి భార్య పోయారు కదన్నా," అన్నాడతను ఆయాసపడుతూ. "నువ్వు నేర్చుకునే రోజుల్లో ఆవిడ పక్షవాతంతో వెనక గదిలో ఉండేవారు. ఇరవై మూడో అడుగుకి ఆ గుమ్మం గురువుగారి ఎడంపక్కకి వచ్చేది. ఊపిరాడుతోందో లేదోనని ఓసారి చూసుకునేవారు. ఆయనే చెప్పారు."

"మరి ఇన్నాళ్లూ నాతో చెప్పవేం?"

"నువ్వు నోరు విప్పనిస్తేగా."

మర్నాడు పొద్దున ఇరవై మూడో అడుగు దగ్గర ముప్పైమంది పిల్లలు ఒక్కసారిగా ఖాళీ గోడ వైపు మెడ తిప్పారు. ఒక్క అమ్మాయి తిప్పలేదు. "వెనక ఎవరూ లేరు కదా మాస్టారూ?"

ఆయన చెయ్యి ఆమె చెవి దాకా వెళ్లి ఆగిపోయింది.

"లేరమ్మా," అన్నాడు. "అయినా చూడు."