అరుగు మీద అమ్మవారు

సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే వస్తున్న రోజులు. కొబ్బరి బేరానికి వరంగల్ నుంచి రాజోలు వెళ్ళి, ఒక పెద్ద రైతుగారింట్లో దిగాను. వీధి గుమ్మంలోంచి సూటిగా కనిపించే పూజగదిలో పెద్ద రంగుల పటం, దానికి పసుపు కుంకుమలు, మందారమాల. ఏ ఊరి అమ్మవారో అనుకుని దండం పెట్టాను.

"అమ్మవారి వేషం కట్టినావిడండీ. మా ఊరి తీర్థంలో, అదే జాతరలో, నాటకం ఆడేరండీ. ఆ ముఖంలో కళ చూసి, పెయింటరుని పిలిపించి మరీ వేయించేను. రోజూ హారతిస్తామండీ," అన్నారాయన మురిసిపోతూ.

అంతలో ఒక నడివయసావిడ వచ్చింది. ఈ ఏడు తీర్థానికి కూడా తమ నాటకమే పెట్టించమని అడిగింది. చూస్తే పటంలో ఉన్న కళ్ళే! ఆయన ఆవిడను ఎండ పడుతున్న అరుగు మీదే కూర్చోమన్నారు.

"లోపలికి రమ్మనరా?" అని మెల్లిగా అడిగాను.

"నాటకాలావిడ కదండీ. ఇంట్లో ఆడపిల్లలున్నారండీ."

మా వైపూ నాటకాలవాళ్ళను లోపలికి పిలవరు. కాకపోతే హారతి కూడా ఇవ్వరు.

లోపల గంట మోగింది. "హారతి వేళయిందమ్మా. ఎండలో ఉన్నారు, కాస్త పక్కకి జరగండి," అన్నారాయన లేస్తూ.

ఆవిడ పటం వైపు చూసి నవ్వింది.

"ఆయ్, పర్లేదండీ బాబుగారూ. లోపల నేను చల్లగానే ఉన్నాను కదండీ."