రోము కేసులో అప్ప రాయని తీర్పు

అప్ప పోయిన మూడు నెలలకి, ఆవిడ తీర్పు చదివి వినిపించమని నన్ను పిలిచారు.

మా ఇంట్లో అక్కని అప్ప అంటాం. ఆవిడ బడిలో చరిత్ర చెప్పి రిటైరైంది. పెళ్ళి చేసుకోలేదు, నాతోనే ఉండేది. జంషెడ్‌పూర్‌లో మా తెలుగు సంఘం గదిలో ఆదివారం మధ్యాహ్నాలు పదిమంది దాకా కూర్చుని పుస్తకాలు చదువుకుంటాం. వాళ్ళ ముందు అప్ప ఒక కేసు పెట్టింది: రోము సామ్రాజ్యానికి న్యాయంగా వారసులెవరు? నాలుగు పక్షాలకి నలుగురు వాదించాలి. అంతా విన్నాక తను తీర్పు చెబుతుంది.

రిటైరైన రైల్వే గార్డు కాన్‌స్టాంటినోపిల్ పక్షం తీసుకున్నారు. పడమట రోము పోయినా తూర్పు రాజధానిలో వాళ్ళు ఇంకా దాదాపు వెయ్యేళ్ళు తమని రోమన్లమనే చెప్పుకున్నారు, వంశం తెగనప్పుడు వారసుణ్ణి వెతకడమేమిటని ఆయన వాదన. బ్యాంకు ఉద్యోగి ఒకాయన పడమటి పక్షం. రోములో పోపు ఒక ఫ్రాంకు రాజుకి చక్రవర్తి కిరీటం పెట్టాడు, తర్వాత ఆ బిరుదు జర్మన్ రాజులకి వెళ్ళింది. లెక్కల టీచరు మాస్కో తరఫున నిలబడింది. ఆఖరి చక్రవర్తి తమ్ముడి కూతురు మాస్కో రాజుని పెళ్ళాడింది కాబట్టి హక్కు అటు వెళ్ళిందని, ఆడపిల్ల తరఫు వాటా కాదంటే ఊరుకోనని ముందే చెప్పింది. నాలుగో పక్షం సుల్తానుది. కాన్‌స్టాంటినోపిల్‌ని గెలిచి, తనే రోము సీజరునని చాటుకున్నవాడు. అతని తరఫున మా బస్తీ కాంట్రాక్టరు.

"కబ్జా సేసినోడికి పట్టా ఇత్తారేటి?" అన్నారు గార్డు గారు.

"మనముంటున్న బస్తీ ఎలాగొచ్చిందో సెప్పమంటారా గార్డు గారూ?" అన్నాడు కాంట్రాక్టరు.

అప్ప నవ్వి, ఆ మాట కూడా తన నోటు పుస్తకంలో రాసుకుంది. వాదనలు ఐదు ఆదివారాలు నడిచాయి. ఆరో ఆదివారం తీర్పు. ఆ గురువారం పొద్దున్న టీ పెడుతూ పడిపోయింది. ఆసుపత్రికి చేరేసరికే లేదు.

పరామర్శకి వచ్చినవాళ్ళు ఆవిడ గురించి మాట్లాడి, వెళ్ళేముందు గొంతు తగ్గించి రోము సంగతి ఎత్తేవారు. సాక్చి బజారులో కూరలు కొంటూ అప్ప తనతోనే ఏకీభవించిందని గార్డు గారు చెప్పారు. ఫోన్లో తన వాదనే గట్టిదని ఒప్పుకుందని టీచరు చెప్పింది. తను మాట్లాడుతుంటే రెండుసార్లు తల ఊపిందని కాంట్రాక్టరు. బ్యాంకాయన కూడా అలాంటిదే ఏదో చెప్పాడు. ఎవరూ అబద్ధం చెప్పలేదనుకుంటాను. అప్ప ఎవరి మాట విన్నా ముందుకు వంగి, తల ఊపుతూ వినేది. నేనూ ఎన్నోసార్లు మోసపోయాను.

ఆవిడ నోటు పుస్తకాలు వెతికాను. నాలుగు వాదనలూ వాదించినవాళ్ళకంటే బలంగా రాసి ఉన్నాయి. ఆఖరి పేజీలో 'తీర్పు' అని శీర్షిక ఉంది. కింద ఏమీ లేదు. తీర్పు పేజీ దొరికిందని గార్డు గారికి ఫోన్లో చెప్పాను. ఖాళీగా ఉందని చెప్పేలోపే ఆయన సంతోషంగా ఫోన్ పెట్టేశారు. సాయంత్రానికి అందరికీ తెలిసిపోయింది. ఆదివారం ఖాయం చేశారు. నేను వెంటనే సరిదిద్దాల్సింది. సరిదిద్దలేదు.

ఎందుకంటే, రాయగలనని నాకు తెలుసు. అప్ప చేతిరాత ఎవరికీ అర్థమయ్యేది కాదు. ఇరవై ఏళ్ళుగా ఆవిడ రాసిన ప్రతిదానికీ శుద్ధ ప్రతి నేనే రాసిచ్చాను. సంఘంలో వాళ్ళు అప్ప రాత అనుకునేది నా రాతే. ఆవిడ వాక్యం ఎక్కడ ఆగుతుందో, ఎక్కడ వెనక్కి తిరిగి తన మాటని తనే కొట్టేస్తుందో నాకు తెలుసు. రెండు సాయంత్రాలు కూర్చుని రెండున్నర పేజీలు రాశాను. బాగా వచ్చింది. రాస్తున్నంతసేపూ ఆవిడ ఇంట్లో ఉన్నట్టే ఉంది. మూడో సాయంత్రానికీ పని మిగలాలని నెమ్మదిగా రాశాను కూడా.

ఆదిత్యపూర్‌లో ఒక చిన్న యూనిట్‌లో యంత్ర భాగాల డ్రాయింగులు గీయడం నా పని. కాగితం మూలన మూడు గడులుంటాయి: గీసినవారు, సరిచూసినవారు, ఆమోదించినవారు. ఆమోదించే మనిషి సెలవులో ఉంటే కాగితం ఆగుతుంది, ఆ గడిలో ఇంకొకరు సంతకం పెట్టరు. శుక్రవారం అలా ఆగిన కాగితమొకటి నా బల్లమీద ఉంది. దాన్ని చాలాసేపు చూశాను. పోపు, సుల్తాను, మాస్కో రాజు అందరూ చేసింది చనిపోయినవాళ్ళ గడిలో సంతకమే. ఇంటికెళ్ళి ఆ రెండున్నర పేజీలూ చింపేశాను. కష్టమైంది. చింపాక ఆవిడ మాటలు ఇంక కొత్తవి రావని తెలిసింది.

ఆదివారం అందరూ ముందే వచ్చారు. తీర్పు పేజీ తెరిచి, ఖాళీ కాగితం వాళ్ళకి చూపించాను. అప్ప తీర్పు రాయలేదని, అప్ప పేరు మీద నేను రాయనని చెప్పాను.

"మరి ఈ కేసు ఇలాగే వదిలేత్తామా తమ్ముడూ?" అన్నారు గార్డు గారు.

వదలనన్నాను. నా అభిప్రాయం వేరే కాగితం మీద రాసుకొచ్చాను, కింద నా పేరుంది. చదివాను. కాన్‌స్టాంటినోపిల్‌లో ఉండి, ఎవరినీ అడక్కుండా రోమన్లమని బతికినవాళ్ళే రోమన్లు, ఆ ఊరు సుల్తాను చేతిలో పడ్డాక వారసులంటూ ఎవరూ లేరు, పేరు వాడుకున్నవాళ్ళే ఉన్నారు, అని దాని సారాంశం.

గార్డు గారు సగం గెలిచినట్టు, సగం ఓడినట్టు చూశారు. "ఇది అప్ప మాటేనా?" అని అడిగారు.

"కాదండీ. నా మాట."

టీచరు కళ్ళజోడు సర్దుకుంది. "అయితే దీన్ని కొట్టెయ్యొచ్చన్నమాట. అప్పదైతే నోరెత్తలేకపోయేదాన్ని."

కొట్టెయ్యమన్నాను. ఆవిడ లేచి, మాస్కో రాజు పెళ్ళి దగ్గర్నుంచి మళ్ళీ మొదలుపెట్టింది. సాయంత్రం దాకా ఆపలేదు. ఒకటి రెండు చోట్ల ఆవిడ వాదనే సరైనదనిపించింది. ఆ మాట పైకే చెప్పాను.