అతుక్కుపోయిన నూట పన్నెండో పేజీ

గ్రంథాలయం వెనక గదిలో ముప్పై ఒక్కేళ్ళుగా చిరిగిన పుస్తకాలకు బైండింగ్ చేస్తోంది ఆమె. గోళ్ళ సందుల్లో ఎప్పుడూ మైదా జిగురే కాబట్టి అందరూ జిగురమ్మ అనేవారు. పిలిస్తే పలికేది.

ఆ వారం హాల్లో నక్క సినిమా వచ్చింది. అడవిలో దారి తప్పిన అన్నాచెల్లెళ్ళను ఓ మాట్లాడే నక్క ఇల్లు చేర్చే కథ. తాతల కాలం నాటి పిల్లల పుస్తకమే దానికి మూలం. ఊరి మొత్తానికీ ఉన్నది ఒక్క ప్రతి, ఈ గ్రంథాలయంలోదే.

శనివారం పొద్దుటి ఆట చూసి కూతురూ మనవరాలూ నేరుగా బైండింగ్ గదికి వచ్చారు.

"అమ్మమ్మా, సినిమావాళ్ళు నక్కని చంపేశారు!" మనవరాలి ముక్కు ఎర్రగా ఉంది. "పుస్తకంలో అలా లేదు కదా?"

"హాల్లో ఒకటే గోల," అంది కూతురు. "పుస్తకం తిరగేయకుండా సినిమా తీస్తే ఇంతే మరి."

వెనకే లైబ్రేరియన్ ఆ పుస్తకం పట్టుకుని వచ్చాడు. "సినిమా కంపెనీకి ఉత్తరం రాస్తున్నానమ్మా. పేజీ నంబర్లు వేసి మరీ కడిగేస్తాను."

జిగురమ్మ కత్తెర కింద పెట్టింది. ఊరుకుంటే ఉత్తరం వెళ్తుంది, ఊరు నవ్వులపాలవుతుంది. నోరు విప్పితే కూతురి ముందు దోషిలా నిలబడాలి.

"నూట పదకొండు తర్వాత ఎంతుందో చూడండి," అంది.

అతను కళ్ళజోడు సవరించుకున్నాడు. "నూట... పద్నాలుగు."

మామూలుకన్నా మందంగా ఉన్న ఆ కాగితం మీద ఆమె తడిగుడ్డ పరిచి, కాసేపాగి, అంచులోకి పల్చటి చెక్కబద్ద దూర్చింది. రెండు పేజీలు మెల్లగా విడిపోయాయి. బొమ్మలో నక్క ఏటి ఒడ్డున పడి ఉంది.

"నువ్వేనా?" అంది కూతురు.

"అప్పుడు నీకు ఆరేళ్ళు. మీ నాన్న పోయి నెల. రోజూ ఇదే చదవమని నా ప్రాణం తీసేదానివి."

"తర్వాతైనా చెప్పొచ్చుగా!"

"చెబుదామనే మైదాతో అతికించాను. విప్పే ఉద్దేశం లేకపోతే తడిపినా ఊడని గమ్మే వేసేదాన్ని." ఆమె చేతులు తుడుచుకుంది. "ఇవాళా రేపా అనుకుంటూనే ఇరవై ఎనిమిదేళ్ళు గడిచాయి."

లైబ్రేరియన్ ఉత్తరం కాగితం మడిచి జేబులో పెట్టుకుని బయటికి నడిచాడు.

"పైకి చదవమ్మా," అని మనవరాలు తల్లి చెయ్యి లాగింది.

"నేను కాదు. వదిలేసింది మీ అమ్మమ్మ. ఆవిడే చదవాలి."

జిగురమ్మ పేజీ మీద వేలు ఆనించి చూసింది.

"ఇంకా తడిగా ఉంది. ఆరాలి."

కూతురు రెండు స్టూళ్ళు లాగి, ఒకటి పిల్లకిచ్చి, రెండో దాని మీద తను కూర్చుంది.