తట్టి చూడప్పా

కురుడుమలె గణపయ్య మీద ఆన, ఇందులో ప్రతి అక్షరమూ నిజం. నా కోతలు నమ్మి మోసపోయినవాళ్ళు మా గనుల ఊరు కోరమండల్ నిండా ఉన్నారు. వాళ్ళు కూడా ఈ ఒక్కసారికి నమ్మాలి.

ఇప్పుడే బెంగళూరు రైలు కూసింది. ఆ కూత ఆలస్యమైతే ఒకప్పుడు నా ఒళ్ళు చల్లబడిపోయేది. నా కూతురు రోజూ ఆ రైల్లోనే ఉద్యోగానికి పోయివస్తుంది. ఫోన్ ఎత్తలేదంటే, చచ్చిపోయిందనే అనుకునేవాణ్ణి. మా నాయన గనిలోంచి తిరిగి రానినాటినుంచి నాకు ఆలస్యమంటే చావే. చివరికి ఉద్యోగం మానెయ్యమని పిల్ల వెంట పడినాను. మా వీధి పెద్దల నిర్వాకం తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఒకాయన తాయెత్తు కట్టినాడు. ఇంకొకాయన "మగోడివి, ధైర్యంగా ఉండలేవా?" అన్నాడు. ధైర్యమేమన్నా అంగట్లో అమ్ముతారా? నా కూతురే నన్ను కౌన్సెలర్ స్టెల్లా మేడమ్ దగ్గరికి తీసుకుపోయింది. అదే పెద్దలు "పిచ్చోళ్ళ మేడమ్" అని నవ్వినారు.

మేడమ్ కూడా గని కార్మికుడి బిడ్డే. నా గోడంతా విని, "రాతికప్పు కిందికి పోయే ముందు మీ నాయన ఏం చేసేవాడప్పా?" అని అడిగారు.

"కడ్డీతో తట్టి వినేవాడు. ఖంగుమంటే గట్టిది. డొల్లగా మోగితే దాని కింద నిలబడడు."

"మరి నువ్వు తట్టకుండానే ఆలోచన కింద కూర్చుంటావే? పిల్ల చచ్చిందనేదాన్ని తట్టు. ఇన్నాళ్ళూ రైలు లేటైతే ఏమయింది?"

"యాడనో సిగ్నల్ దగ్గర నిలబడింది."

"మోత ఎట్లుండాది?"

"డొల్ల."

"ఊరికంతా కోతలు కోసేవాడివి. నీ తలకాయ కోసే కోతను మాత్రం నమ్మేస్తావా?"

నాకు రోషమొచ్చింది. ఈసారి రైలు లేటైతే, పిల్ల ఇల్లు చేరేదాకా ఫోన్ చెయ్యకుండా ఉండి చూడమన్నారు. ఆ రోజు రానే వచ్చింది. ఫోన్‌ను రాగిపిండి డబ్బాలో పూడ్చి, మూత మీద కూర్చున్నాను. చీకటి పడినాక పిల్ల వచ్చింది. "సిగ్నల్ నాయనా. నీ ఫోన్ యాడ?" అంది.

భయం ఒక్కరోజులో పోలేదు. తట్టగా తట్టగా సన్నబడింది. పిల్ల ఉద్యోగం నిలిచింది.

మేడమ్ చనిపోయినప్పుడు ఆ పెద్దలే వచ్చి, "పాపం, ఊరికే మాటలు చెప్పేది" అన్నారు. ఊరికేనా? నా బిడ్డ బతుకును నా భయం కింద నలగనియ్యని మాటలు ఊరికేనా?

ఇంగ ఆన పెట్టినాను గనక ఒప్పుకుంటాను. రాగిపిండి డబ్బా సంగతి కోత. ఫోన్ చేతిలోనే ఉండింది, చెమటకు తడిసి. పిల్ల పేరు మీద వేలు పెట్టుకుని కూర్చున్నాను. నొక్కలేదు.