పసుపు దీపం మీద బొట్టు

రంగత్ నుంచి పోర్ట్‌బ్లెయిర్ వెళ్లే వ్యానులో డ్రైవర్ ముందు, మీటర్ల మధ్య పసుపు హెచ్చరిక దీపం ఆరకుండా వెలుగుతోంది. గ్రంథాలయంలో మోటారు బళ్ల పుస్తకాలు నమిలినవాణ్ణి, ఊరుకుంటానా? బండి జారినప్పుడు అదుపుచేసే స్టెబిలిటీ కంట్రోల్ పనిచేయడం లేదని అందరికీ వినిపించేలా వివరించాను. డ్రైవర్ హడలిపోయి వ్యానును ఎద్దుబండి చేశాడు.

పోలీసు కాపలాతో బళ్లను వరసగా అడవి దాటించే ఆఖరి కాన్వాయ్ తప్పితే, సాయంత్రం నా ఓడా తప్పినట్టే. రోడ్డు పొడిగానే ఉంది, జారే భయం లేదు. "కొంచెం తొందరగా, భయ్యా" అని బతిమాలాను.

"డరాయించింది మీరే కదా సార్!"

మా మధ్య కూర్చున్న శ్రీకాకుళం మూలాల ద్వీపవాసి ఒకావిడ, తన నుదుటి స్టిక్కర్ బొట్టు తీసి దీపం మీద అంటించింది.

"రిపేరు అయిపోనాది. చలో భయ్యా!"

కాన్వాయ్ అందింది. ఆమె బొట్టు తీసుకోబోతే డ్రైవర్ ఆపాడు.

"ఉండనీ దీదీ. రేపు కూడా చదువుకున్నోళ్లు ఎక్కుతారు."